వానల్లో గోడను అడగొద్దు

పులివెందుల,
12 ఆగస్టు 1955

చిన్నాయనకు వలి బాషా సలాములు. చిన్నమ్మకు ఇంకో రెండు ఎక్కువ. ఆమె పంపిన కజ్జికాయలు ఆఫీసులో నా మొహం కూడా చూడకుండానే మాయమయ్యాయి. నాకు మిగిలింది ఖాళీ డబ్బా.

మొన్న ప్రొద్దుటూరు బస్సులో గుడ్డల కొట్టు గురుమూర్తి శెట్టి నా పక్కనే కూర్చున్నాడు. నువ్వు ముప్పై ఏళ్లుగా ఏటా ఉగాది దాటగానే ఆయన ఇంటి గోడలకు కింది రెండు మూరల పూత గీకేసి కొత్త సున్నం పూస్తున్నావు కదా. ఆ సంగతే ఎత్తాడు. "ఏం అబ్బీ, ఓవర్సీరు చదువు చదివినావు గదా. మీ చిన్నాయన ఏటేటా గీకుతాండాడు, పూస్తాండాడు. చెమ్మ మాత్రం యాడికీ పోలేదు. దీనికి మందే లేదా?" అన్నాడు. నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న చిన్నప్పుడు నీ వెనక సున్నం తట్ట పట్టుకుని తిరిగిన రోజుల నుంచీ నాలో ఉంది.

అందుకని ఒక పని మొదలుపెట్టాను, నవ్వకు. నేను అద్దెకుంటున్న రాజేశ్వరమ్మగారి పెరట్లో ఒక బండ తొట్టి ఉంది. అందులో మూరెడు ఎత్తున మూడు బుల్లి గోడలు కడతాను. మొదటిదానికి పూత ఉండదు. రెండోదానికి నీ సున్నం, మూడోదానికి సిమెంటు. తొట్టిలో ఇక్కడి బావి ఉప్పునీళ్లు పోస్తాను. రోజూ పొద్దున చెమ్మ ఎన్ని అంగుళాలు ఎక్కిందో గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి కాగితానికి ఎక్కిస్తాను. పెద్ద గోడలో ఏళ్ల తరబడి జరిగేది ఈ నమూనాలో నెలల్లో కనబడుతుందని నా ఆశ.

నమూనా నమ్మకంగా ఉండాలంటే ఇటుకలు కూడా ఆ ఇంటివే కావాలి. శెట్టి పెరటి గోడ కూలినప్పుడు నువ్వు తెచ్చి పెట్టుకున్నవి ఉన్నాయి కదా. ఓ యాభై, వాటితో పాటు మన గుంతలోని సున్నం ఒక ముంతెడు, బస్సులో పంపించు.

నువ్వు సాకిన
వలి


జమ్మలమడుగు,
24 ఆగస్టు 1955

వలీకి మక్బూల్ చిన్నాయన దువా.

ఇటుకలు యాభై కాదు, అరవై పంపాను. బస్సులో పది పగులుతాయని లెక్క. కండక్టరు "ఏంది మామా, ఇల్లు మొత్తం బస్సులోనే పంపిస్తాండావా?" అని ఎగిరాడు. ఇల్లు కాదప్పా, మా పిల్లోడు బొమ్మరిల్లు కట్టుకుంటాడంట అని చెప్పాను. నవ్వొద్దన్నావు కానీ మీ చిన్నమ్మ ఒక పూటంతా నవ్వింది.

సున్నం మూత మీద తడిగుడ్డ చుట్టాను, ఎండనీయకు. ఆ గుంత ముచ్చట నీకు తెలిసిందే. మా నాయన, అదే మీ జేజినాయన నాటి నుంచి ఆ గుంత ఎండలేదు. పాత సున్నం ఒక గంపెడు ఉంచి దాని మీద కొత్తది వేస్తాం, పాలకు తోడు వేసినట్టు. మీ నాయన పోయిన రోజు కూడా నేను దానికి నీళ్లు పోసే పడుకున్నాను.

చిన్నమ్మ మేక మూడు పిల్లలు ఈనింది. ఒకటి నీదంట. ఏదో మాత్రం చెప్పదు. ఏది చస్తే అది నీదంటుంది కాబోలు.

నీ గోడల సంగతి. తాతకు దగ్గు నేర్పుతున్నావని నాకు కోపం లేదు, చెయ్యి. ఒక్కటే మాట. వానల్లో గోడను ఏమీ అడగొద్దు, అది అబద్ధం చెబుతుంది. ఉగాది దాకా ఆగు, ఎండలు ముదరనీ. ఆ తర్వాతనే శెట్టికి ఏదైనా చెప్పు.

మోకాళ్లు నొస్తున్నాయి. ఇక్కడ ముసురు పట్టింది.

మీ చిన్నాయన
మక్బూల్


పులివెందుల,
5 నవంబరు 1955

చిన్నాయనకు సలాములు.

మూడు గోడలూ లేచి అరవై అయిదు రోజులైంది. ఒక్క రోజు కూడా గీత తప్పలేదు. పూత లేని గోడకు చెమ్మ పదకొండు అంగుళాలు ఎక్కింది. నీ సున్నం గోడకు పది. పైగా పూతంతా మచ్చలు, చేత్తో తాకితే తడి. సిమెంటు గోడ మాత్రం పొడిగా, నిన్ననే పూసినట్టుగా ఉంది. మా ఆఫీసులో ఇద్దరు వచ్చి చూసి మెచ్చుకున్నారు.

శెట్టి పోయిన వారం పులివెందులకే వచ్చాడు. చూపించాను. ఒక రిపోర్టు రాసిమ్మని అడిగితే రాసిచ్చాను. నాలుగు అడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత వేయాలనీ, ఏటా గీకి పూయడం అవసరం లేని పని అనీ రాశాను. రాతకు బరువు ఉంటుందని ఆఫీసు కాగితం మీద రాసి ముద్ర కూడా వేశాను.

నువ్వు ఉగాది దాకా ఆగమన్నావు. ఎందుకన్నావో నాకు తెలియకపోలేదు. ఇంకో ఏడు పని దొరుకుతుందని నీ ఆలోచన. ఈ వయసులో ఆ బెంగ సహజమే. కానీ చిన్నాయనా, నేనుండగా నీకు శెట్టి ఇంటి పనే దిక్కా? ఇకనైనా తాపీ కింద పెట్టి మోకాళ్లకు విశ్రాంతి ఇవ్వు. మిమ్మల్ని చూసుకునే పూచీ నాది.

మేకపిల్లల్లో నాది ఏదో తేలిందా?

వలి


జమ్మలమడుగు,
21 నవంబరు 1955

వలీకి దువా.

నీ జాబు అందింది. పోయిన ఆదివారం ప్రొద్దుటూరు సంతకు పోయి శెట్టి కొట్టు ముందు ఆగాను. ఎప్పుడూ లోపలికి పిలిచి కూర్చోబెట్టేవాడు. ఆ రోజు గుమస్తా రామాంజనేయులు చేత నీ రిపోర్టు గట్టిగా చదివించాడు. కొట్లో గిరాకీ బాగానే ఉంది, అందరూ విన్నారు. "ముప్పై ఏండ్లు పూసి గీకి, గీకి పూసి మమ్మల్ని తిన్యావు గదా మక్బూలూ. నేను చెప్పలే, నీ అన్న కొడుకే ముద్రేసి చెప్పినాడు" అన్నాడు.

అట్లే వెనక్కి తిరిగి బస్సెక్కాను. నువ్వు చదివినోడివి.

చచ్చింది నీ మేకపిల్లే.

మక్బూల్


కడప రోడ్డు క్యాంపు,
18 ఫిబ్రవరి 1956

చిన్నాయనకూ చిన్నమ్మకూ సలాములు.

ఇది నేను రాస్తున్న మూడో ఉత్తరం. ఒక్కదానికీ జవాబు లేదు. రిపోర్టు నలుగురిలో చదివిస్తాడని నాకు తెలియదు. ఆ సంగతి రెండుసార్లు రాశాను. శెట్టికి అట్లా అనడం తగదని చెప్పాను. "నేను తప్పేం అన్నె అబ్బీ, నువ్వు రాసిందే గదా" అన్నాడు.

డిసెంబరు నుంచి ఈ వంతెన పని మీద డేరాలో ఉంటున్నాను. పులివెందులకు పోయి రెండు నెలలు దాటింది. శెట్టి గోడలకు సిమెంటు పూర్తయింది. ప్రొద్దుటూరు పోయినప్పుడు చూశాను, అద్దంలా ఉంది. నువ్వు కూడా ఒక్కసారి వచ్చి చూస్తే నా మీద కోపం తగ్గుతుందేమో అనుకున్నాను. నీ పని పోయినందుకు బాధపడుతున్నావని తెలుసు. పోనీ మా వంతెన పనికి రా, కూర్చుని మనుషులను చూసుకునే పని ఇప్పిస్తాను.

ఏదో ఒకటి రాయి. తిట్టు, పరవాలేదు.

వలి


పులివెందుల,
3 జూన్ 1956

చిన్నాయనా,

ఇది నీకు ఎట్లా రాయాలో తెలియక రెండు కాగితాలు చించేశాను.

మొన్న క్యాంపు ఎత్తేశారు. ఆరు నెలల తర్వాత గదికి వచ్చాను. తొట్టి ఎప్పుడో ఎండిపోయి ఉంటుందనుకున్నాను. రాజేశ్వరమ్మగారు ఎదురొచ్చి, "తొట్టి ఎండకుండా చూడమని చెప్పిపోతివి గదా నాయనా, దినామూ చెంబుడు నీళ్లు పోస్తాండా. నీ గోడలకేందో తెగులొచ్చింది చూడు" అన్నారు.

పోయి చూశాను. సున్నం గోడకు పూత సగం రాలి తొట్టి అంచున తెల్లగా కుప్ప పడి ఉంది. నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. మిగిలిన పూత గోరుతో గీకాను. లోపల ఇటుక గట్టిగా, ఎర్రగా, నువ్వు పంపినట్టే ఉంది. సిమెంటు గోడకు పూత చెక్కుచెదరలేదు. కానీ చెమ్మ పూతను దాటి పైకొచ్చి, నెత్తిన తెల్ల ఉప్పు పూసింది. వేలితో తట్టాను. డొల్ల మోగింది. కత్తిమొన పెట్టి లాగితే సిమెంటు పలకలాగ ఊడి చేతికి వచ్చింది. దాని వెనక ఇటుక లేదు చిన్నాయనా, పిండి ఉంది. దోసిట్లోకి రాలింది.

నేను ఆ గోడలను చూసింది ముసురు రోజుల్లో. నువ్వు ఆగమన్నది ఈ ఎండల కోసమని ఇప్పుడు తెలిసింది. ఇంకో ఏడు పని కోసం అన్నావని నీకే రాశాను. ముప్పై ఏళ్ల నీ పేరును అరవై అయిదు రోజుల గీతలతో చెరిపేశాను.

శెట్టికి నిజం రాసి, ఆ సిమెంటు వెంటనే పీకించమని చెబుతాను. నువ్వే వచ్చి సున్నం పూయాలి. నా కోసం కాదు, ఆ గోడ కోసం.

వలి


జమ్మలమడుగు,
15 జూన్ 1956

వలీకి దువా.

ఇన్నాళ్లూ జాబు రాయలేదు. కోపంతోనే రాయలేదు, ఇంకో సాకు చెప్పను. పని పోయినందుకు కాదు. నా మాటను నువ్వు ఆ లెక్కన చదివినందుకు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, ఇప్పుడైనా చెబుతాను. నీళ్లలో ఉన్నంతసేపు ఉప్పు సాధువు. నీళ్లు ఎండితేనే దానికి పళ్లు మొలుస్తాయి. వేసవిలో అది గోడలో నుంచి బయటికి రావాలని చూస్తుంది. సున్నం మెత్తనిది కాబట్టి దారి ఇస్తుంది, ఉప్పును తనలోకి పీల్చుకుని తానే రాలిపోతుంది. ఆ రాలేదాన్ని మనం ఉప్పుతో సహా గీకి ఊరి బయట పోసి, మళ్లీ పూస్తాం. పూత ఏటా చావాలి, ఇటుక బతకాలి. సిమెంటు దారి ఇవ్వదు. అప్పుడు ఉప్పు లోపలే కూర్చుని ఇటుకను తింటుంది. ఇది మీ జేజినాయన నాకు చెప్పింది. నీకు చెప్పాల్సిన వాణ్ణి నేను.

శెట్టికి ఇప్పుడేమీ రాయకు. నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సొంత ముచ్చటకు సర్కారు కాగితం, సర్కారు ముద్ర వాడావు. అది పైకి పోతే నీ కొలువు ఊడుతుంది. ఇప్పటికిప్పుడు గోడ పడిపోదు. ఇది నా ఆన అనుకో.

ఇంకొకటి. సున్నం నన్ను అడగొద్దు. నీ రిపోర్టు విన్న రోజు ఇంటికొచ్చి గుంతకు నీళ్లు పోయలేదు. మరుసటి రోజూ పోయలేదు. సంక్రాంతికల్లా బీటలు ఇచ్చింది. మీ చిన్నమ్మ దాని దగ్గర కూర్చుని ఏడ్చింది. నేను అటు పోలేదు.

మక్బూల్


పులివెందుల,
9 డిసెంబరు 1956

చిన్నాయనకు సలాములు.

నువ్వు ఆన పెట్టావని శెట్టికి రాయలేదు. నీ ఆన నాకు మంచి సాకుగా దొరికింది. లోపల ఉన్నది భయమే. నెల కిందట రాష్ట్రం పేరు మారింది, మా ఆఫీసు కాగితాల తలకట్టూ మారింది. పాత కాగితాల కట్ట పారేస్తుంటే, నా రిపోర్టు కూడా ఇట్లాగే ఎక్కడో పోయి ఉండకూడదా అని పిచ్చి ఆశ కలిగింది. పోదు, శెట్టి ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటుంది.

ప్రొద్దుటూరు పోయిన ప్రతిసారీ ఆ వీధి తప్పించుకుని నడుస్తున్నాను.

వలి


జమ్మలమడుగు,
20 మే 1957

వలీకి దువా.

శెట్టి కబురు పంపితే పోయాను. కొట్టు వెనక ఇంటి గోడ నడుము ఎత్తున కడుపుతో ఉన్నదానిలా ఉబ్బింది. సిమెంటు అంచున జానెడు వెడల్పున ఉప్పు పూసింది. వాళ్ల అమ్మ శకుంతలమ్మ మంచం ఆ గోడ పక్కనే ఉండేది, తీసేశారు. తాపీ మొనతో ఒక పలక లేపితే లోపలి నుంచి ఇటుక పిండి నా పాదాల మీద పడింది. నీ దోసిట్లో పడిందన్నావే, అదే. తాపీ పట్టి ఏడాదిన్నర అయింది, రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది.

శెట్టి కోపంగా ఉన్నాడు. "ఎవరిది ఈ తప్పు? మీ వాడి కాగితం ఈడనే ఉండాది. కలెక్టరు దగ్గరికి పోయి అడుగుతా. సర్కారు ముద్రేసి నా ఇల్లు కూల్చినాడు" అన్నాడు. నేను చెప్పాను: "మా వాడి తప్పు ఏం లేదు శెట్టిగారూ. ముప్పై ఏండ్లు నేను గీకినప్పుడల్లా ఇటుక మీద గూడా తాపీ ఆడించినా. పని దొరుకుతాదని ఆశ. ఇటుక అప్పుడే బలం పోయింది. దాని మీద సిమెంటు ఏం జేస్తాది?" అని.

నమ్మాడు. నమ్మడం అతనికి సులువైంది. కొట్లో పదిమంది ముందర ఉమ్మేశాడు, నా మీద కాదులే, పక్కన. కాగితం మాత్రం నా ముందరే చింపేశాడు. అది నా కళ్లతో చూసి వచ్చాను.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు. ఆ నీళ్లు నేను తాగితే ఏం? నాకు ఇంక పనీ లేదు, పేరుతో అవసరమూ లేదు. నీకు ఇంకా ముప్పై ఏళ్ల కొలువు ఉంది. నువ్వు ఏమీ చేయకు.

మక్బూల్


పులివెందుల,
27 మే 1957

చిన్నాయనా,

నీ ఉత్తరం చదివిన గంటలోనే శెట్టికి రాసి పోస్టులో వేశాను. నా నమూనా, నా తొందర, నువ్వు ఆగమన్న మాట, సిమెంటు వెనక పిండి, అన్నీ రాశాను. మా చిన్నాయన తాపీ ముప్పై ఏళ్లలో ఒక్క ఇటుకను కూడా గాయపరచలేదని రాశాను. ఆఫీసుకూ వేరే కాగితం పెట్టాను. ఏమవుతుందో అవనీ.

నీ ఆన తప్పాను. ముందే తప్పి ఉండాల్సింది. ఏడాది కిందట ఈ ఉత్తరం రాసి ఉంటే నువ్వు ఆ కొట్లో ఆ మాట అనాల్సి వచ్చేది కాదు. నన్ను సాకినందుకు నీకు నేను ఇచ్చింది ఇదా అని తల బాదుకుంటున్నాను.

వలి


జమ్మలమడుగు,
2 జులై 1957

వలీకి దువా.

శెట్టి నన్ను పిలిపించి నీ జాబు కూడా రామాంజనేయులు చేతనే చదివించాడు. అదే కొట్టు, అదే గిరాకీ. నేను గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. అంతా విని శెట్టి నవ్వాడు. "మంచి పిల్లోడప్పా. సాకినోడి పరువు పోతాదని తప్పు తన మీదేసుకుంటాండాడు. ఇట్లాంటి కొడుకు నాకు లేకపాయె" అన్నాడు. అదంతా నిజమే శెట్టిగారూ, నేను చెప్పిందే అబద్ధం అని ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. ఇంకా పెద్దగా నవ్వాడు. "మీ ఇంట్లో ఎవురు ఎవుర్ని కాపాడుతాండారో నాకేం తెలుస్తాది? మీ ఇద్దరి మాటా నాకొద్దు" అన్నాడు.

బయట నుంచి ఒక కంట్రాక్టరును పిలిపించాడు. పాడైన ఇటుకలు మార్చి, ఈసారి ఆరు అడుగుల వరకు సిమెంటు పూస్తున్నారు.

మీ ఆఫీసులో నీకు ఏమైంది? అది రాయి ముందు.

మక్బూల్


పులివెందుల,
14 జులై 1957

చిన్నాయనకు సలాములు.

ఆఫీసులో ఏమీ కాలేదు. ఫిర్యాదు చేసినవాడు లేడు, శెట్టి చించేశాడు కనక ఆ కాగితమూ లేదు. పెద్దాయన నా విన్నపం మడిచి సొరుగులో పెట్టి, "పని చూసుకోవయ్యా" అన్నాడు. పోయిన వారమే నా ఉద్యోగం ఖాయమైంది. శిక్ష పడి ఉంటే తేలికపడేవాణ్ణి.

తొట్టిలో ఇంకా సున్నం గోడ నిలబడి ఉంది. మిగతా రెండూ తీసేశాను. దీన్ని తీయడానికి చేతులు రావడం లేదు. ఏం చేయమంటావు?

వలి


జమ్మలమడుగు,
25 మార్చి 1958

వలీకి మీ చిన్నాయనా చిన్నమ్మా దువా.

నువ్వు తొట్టితో సహా పంపిన గోడను పెరట్లో గుంత పక్కనే పెట్టించుకున్నాను. ఎనిమిది నెలలుగా మీ చిన్నమ్మే దానికి నీళ్లు పోస్తోంది. మేక మాత్రం దాన్ని గుద్దాలని చూస్తోంది.

ఉగాది పోయి నాలుగు రోజులైంది. నిన్న దాన్ని గీకాను. మూరెడు గోడ, ఒక పూట పని. పూత ఉప్పుతో మెత్తగా వచ్చింది. లోపల ఇటుక గట్టిగా ఉంది, నా తాపీ దాని మీద ఒక్క గీత కూడా పెట్టలేదు. పెట్టదని నీకు తెలుసు. ఇంకెవరికీ తెలియకపోయినా పరవాలేదని అనుకుందామని చూశాను. అనుకోలేకపోయాను. ప్రొద్దుటూరులో నన్ను ఏమంటున్నారో వింటే నొప్పిగానే ఉంది.

పూయడానికి సున్నం లేదని కూర్చుంటే, చిన్నమ్మ తన తాంబూలం సున్నపు డబ్బీ తెచ్చి ముందర పెట్టింది. గుంత ఎండకముందు తీసి దాచుకుందంట. జేజినాయన నాటి సున్నంలో మిగిలింది అంతే, నిమ్మకాయంత. అందులో నుంచి సగం తోడుకు ఉంచి, సగాన్ని నీళ్లతో పలచన చేసి పూశాను. ఆమె నిన్నటి నుంచి ఉత్త ఆకు నములుతోంది.

ఒక మాట చెప్పాలి. శెట్టి ముందు నేను చెప్పింది మొత్తం అబద్ధం కాదు. ఆగు అని చెప్పి, ఎందుకో చెప్పలేదు. చెప్పకుండానే నీకు తెలియాలనుకున్నాను. తెలియలేదని అలిగి నోరు మూసుకున్నాను. దారి ఇవ్వకపోతే లోపల ఏమవుతుందో తెలిసి ముప్పై ఏళ్లు గోడలకు దారి ఇచ్చినవాణ్ణి, నీ దగ్గర ఆ పని చేయలేకపోయాను.

వచ్చే ఉగాదికి సెలవు పెట్టి రా. నా చెయ్యి బాగా వణుకుతోంది. గీకేటప్పుడు ఇటుక ఎక్కడ మొదలవుతుందో చేతికే తెలియాలి, కాగితం మీద రాసి చూపలేను.

మీ చిన్నాయన
మక్బూల్